నాలుగు స్టెంట్లా, ఒక్క ఆపరేషనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్లు. పదహారేళ్లుగా షుగరు ఉంది. ఆరు నెలలుగా మెట్లెక్కితే ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు ఉంటోందట. రెండో అంతస్తు దగ్గర ఆగి, గోడ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోతుంది. కూర్చున్నప్పుడు మాత్రం ఎప్పుడూ రాలేదు. పోయిన వారం యాంజియోగ్రామ్ చేశారు. మూడు రక్తనాళాల్లోనూ బ్లాకులున్నాయి. ఎల్‌ఏడీ అనే నాళంలో మొదట్లోనే 90 శాతం, కుడివైపు నాళంలో 80, సర్కమ్‌ఫ్లెక్స్‌లో 75. గుండె పంపింగ్ 50 శాతం అన్నారు. నాన్న ఇంకా బల్ల మీద ఉండగానే డాక్టర్ గారు బయటికి వచ్చి, "నాలుగు స్టెంట్లు వేసేస్తే రేపే ఇంటికి వెళ్లిపోవచ్చు, ఒప్పుకుంటే ఇప్పుడే చేసేస్తాం" అన్నారు. నాకు చేతులు వణికాయి. సంతకం పెట్టకుండా ఇంటికి తీసుకొచ్చేశాను. తర్వాత చూపించిన సర్జన్ గారు బైపాసే మంచిదన్నారు. నాన్నేమో "ఛాతీ కోయించుకునే ప్రసక్తే లేదు" అంటున్నారు. ఆ రోజే సంతకం పెట్టాల్సిందని తమ్ముడు నన్ను రోజూ దెప్పుతున్నాడు. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట అదే. మీ తమ్ముడికి కూడా ఇది చదివి వినిపించండి.

మీ తమ్ముడి భయం నాకు అర్థమవుతుంది. 90 శాతం అనగానే మిగిలిన పది ఇవాళో రేపో మూసుకుపోతుందనిపిస్తుంది. కానీ గుండెపోటు వేరు, మీ నాన్నగారికున్నది వేరు. గుండెపోటులో నాళం లోపలి కొవ్వు పూత ఉన్నట్టుండి చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. అవతలి కండరం నిమిషాల లెక్కన చచ్చిపోతుంటుంది. అప్పుడు బల్ల మీదే స్టెంట్ వేయాలి, సంతకం కోసం తటపటాయించకూడదు. మీ నాన్నగారికి ఆరు నెలలుగా అన్నే మెట్లు, అంతే బరువు, నిలబడితే అంతే త్వరగా ఉపశమనం. దీన్ని మేము నిలకడగా ఉన్న గుండెజబ్బు అంటాం. ఇందులో ఆలోచించుకోవడానికి రోజులూ వారాలూ ఉంటాయి. నెలల తరబడి వాయిదా వేయమని కాదు. నిర్ణయం రెండు మూడు వారాల్లో జరగాలి, ఈలోగా మందులు ఒక్క పూట కూడా మానకూడదు. కూర్చున్నప్పుడో నిద్రలోనో నొప్పి వచ్చినా, పావుగంట దాటినా, చెమటలు పట్టినా, ముందుకంటే తక్కువ శ్రమకే వస్తున్నా అది నిలకడ తప్పిందని గుర్తు. ఇక ఎవరి అభిప్రాయం కోసమూ ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి.

ఇక అసలు సంగతి. నేను ఇరవై ఆరేళ్లుగా స్టెంట్లు వేస్తున్న డాక్టర్ని. కత్తి పట్టేవాణ్ణి కాదు. అయినా, మీరు రాసిన వివరాలన్నీ నిజమైతే, మీ నాన్నగారికి బైపాస్ చేయించమనే చెబుతాను. ఎందుకో చెప్పడానికి నా చేతి మీదుగా జరిగిన ఒక సంగతి చెప్పాలి.

నేను కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో ఒక పెద్దాయన వచ్చారు. షుగరు, మూడు నాళాల్లో జబ్బు, యాంజియోగ్రామ్ ఫిల్ము అచ్చం మీ నాన్నగారి లాంటిదే. "కోత మాత్రం వద్దు బాబూ, నీ చేత్తోనే ఏదో ఒకటి చెయ్యి" అని నా చేయి పట్టుకున్నారు. కాదనలేకపోయాను. రెండు విడతల్లో ఐదు స్టెంట్లు వేశాను. ఫిల్ములో ఎంత అందంగా వచ్చాయో! మూడో రోజున నవ్వుతూ ఇంటికెళ్లారు. పద్నాలుగు నెలలకి మళ్లీ ఛాతీ బరువు. రెండు స్టెంట్ల లోపల కండ పెరిగి దారి సన్నబడింది, మళ్లీ సరిచేశాను. మూడో ఏడు గుండెపోటుతో అర్ధరాత్రి తీసుకొచ్చారు. నేను వేసిన స్టెంట్లన్నీ తెరుచుకునే ఉన్నాయి. గడ్డకట్టింది వాటికి రెండు సెంటీమీటర్ల పైన. మొదటి ఫిల్ములో నేను 30 శాతం అని రాసి వదిలేసిన చోట. ఆయన బతికారు గానీ పంపింగ్ 35కి పడిపోయింది. ఆ బలహీనమైన గుండెతోనే, ఎక్కువ ప్రమాదంతో, చివరికి బైపాస్ చేయించుకున్నారు. మూడేళ్ల ముందు ఆయన పక్కన కూర్చుని ఇంకో అరగంట మాట్లాడి ఉంటే ఆయన ఒప్పుకునేవారేమో. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ రెండు సెంటీమీటర్లలోనే ఈ రెండు చికిత్సల తేడా అంతా ఉంది. స్టెంట్ వేసిన చోటు బాగుపడుతుంది, దాని ఎగువా దిగువా గోడ అలాగే ఉంటుంది. బైపాస్‌లో సర్జన్ బ్లాకు జోలికే వెళ్లడు. జబ్బున్న భాగమంతా దాటి, కింద నాళం బాగున్న చోట కొత్త దారి కుడతాడు. రేపు ఎగువన ఇంకెక్కడ పూత చిట్లినా కిందికి రక్తం పోయే దారి మిగిలే ఉంటుంది. షుగరు ఉన్నవాళ్లలో జబ్బు ఒక చోట ఆగదు, నాళం పొడవునా పాకుతుంది. అందుకే వాళ్లకు ఈ తేడా మరీ ఎక్కువ.

ఇది నా ఒక్కడి అనుభవమే అయితే మీరు నమ్మనక్కర్లేదు. షుగరుండి ఒకటికి మించిన నాళాల్లో జబ్బున్న 1900 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకి మందు పూసిన స్టెంట్లు, ఇంకో జట్టుకి బైపాస్ చేసి ఐదేళ్ల ఫలితాలు చూశారు. ఫ్రీడమ్ అనే ఆ అధ్యయనం 2012లో వెలువడింది. ఐదేళ్లలో స్టెంట్ జట్టులో నూటికి 16 మందికి పైగా చనిపోయారు, బైపాస్ జట్టులో సుమారు 11 మంది. గుండెపోట్లు స్టెంట్ల వైపు దాదాపు 14 శాతం, ఆపరేషన్ వైపు 6. అదే అధ్యయనంలో పక్షవాతం మాత్రం ఆపరేషన్ వైపే ఎక్కువ: 5.2 శాతం, స్టెంట్ల వైపు 2.4. ఈ అంకె మీ నాన్నగారి దగ్గర దాచకండి. బైపాస్‌కి ఒప్పించాలనే తొందరలో దీన్ని మింగేసే డాక్టర్ల మీద నాకు కోపం.

షుగరు లేని మూడు నాళాల జబ్బులో లెక్క ఇంకొంచెం సూక్ష్మంగా ఉంటుంది. బ్లాకులు ఎన్ని, ఎంత పొడుగు, కొమ్మలు చీలే చోట ఉన్నాయా, సున్నం పట్టి గట్టిపడ్డాయా అనేవి చూసి సింటాక్స్ స్కోరు అని ఒక అంకె వేస్తారు. 22 వరకు తక్కువ, 33 నుంచి ఎక్కువ. తక్కువ ఉన్నవాళ్లకి స్టెంట్లూ చాలావరకు సరిపోతాయి, పెరిగే కొద్దీ మొగ్గు ఆపరేషన్ వైపు. ఆ స్కోరుకి పేరిచ్చిన అధ్యయనంలో పదేళ్ల తర్వాత చూస్తే, మూడు నాళాల జబ్బున్నవాళ్లలో స్టెంట్ల వైపు 28 శాతం, బైపాస్ వైపు 21 శాతం మంది చనిపోయారు. ఎడమవైపు ప్రధాన నాళంలో, అంటే ఎల్‌ఏడీ, సర్కమ్‌ఫ్లెక్స్ రెండూ చీలే మొదట్లో, ముఖ్యంగా జబ్బున్నవాళ్లలో అంత తేడా కనపడలేదు. కాబట్టి "మా బాబాయికి స్టెంట్లు వేస్తే పదేళ్లుగా దివ్యంగా ఉన్నాడు" అనే మాట నిజమే అయినా మీ నాన్నగారికి పనికిరాదు. బాబాయి ఫిల్ము వేరు.

యాంజియోగ్రామ్ సీడీ మీ దగ్గరుందా? లేకపోతే అడిగి తీసుకోండి, అది మీ హక్కు. దాన్ని ఒక కార్డియాలజిస్టూ ఒక సర్జనూ కలిసి చూసేలా ఏర్పాటు చేసుకోండి. సింటాక్స్ స్కోరు ఎంతో చెప్పమనండి. ఎల్‌ఏడీలో బ్లాకు దాటాక కుట్టు వేయడానికి సరిపడా లావు ఉందా అని సర్జన్ గారిని తప్పకుండా అడగండి. షుగరు వాళ్లలో చివర్లు దారప్పోగుల్లా సన్నబడి ఉంటే ఎంత గొప్ప సర్జనైనా చేయగలిగింది తక్కువ, అప్పుడు నా సలహా మారిపోతుంది. ఎల్‌ఏడీకి ఛాతీ లోపలి ఎడమ ధమనినే కలుపుతారా అనీ అడగండి. బైపాస్‌కి దీర్ఘాయుష్షు ఇచ్చేది ఆ ధమనే. పదేళ్లయినా నూటికి తొంభైకి పైగా తెరుచుకునే ఉంటుంది. కాలి నుంచి తీసిన సిరల్లో పదేళ్లకి దాదాపు సగం మూసుకుపోతాయి. ముంజేతి ధమని వాడే వీలుంటే సిర కంటే మేలు. కొట్టుకుంటున్న గుండె మీద చేయడమా, గుండెని ఆపి, రక్తం నడిపే యంత్రం మీద పెట్టి చేయడమా అన్న చర్చలో ఎక్కువ పడకండి, ఆ సర్జన్ చేయి దేనికి అలవాటైతే అది.

ఇక నాన్నగారి భయం. "ఏం భయం నాన్నా, అందరూ చేయించుకోవడం లేదా" అనకండి. దేనికి భయమో అడగండి. నా అనుభవంలో కోతకి భయపడేవాళ్లు తక్కువ. మత్తులోంచి లేవనేమో అన్నది ఒకరి భయం, గొంతులో గొట్టం పెట్టి ఉంటే మాట్లాడలేనేమో అన్నది ఇంకొకరిది, పిల్లలకు భారమవుతానన్నది చాలామందిది. ఏది మీ నాన్నగారిదో తెలిస్తే దానికే జవాబు చెప్పొచ్చు. ముందే ప్లాన్ చేసుకుని చేసే బైపాస్‌లో, మిగతా అవయవాలు బాగున్నవాళ్లకి ప్రాణాపాయం నూటికి ఒకటి రెండు. గొట్టం సాధారణంగా ఆ రాత్రికో మర్నాటికో తీసేస్తారు. మూడో నాలుగో రోజు గుండె లయ తప్పి దడదడలాడవచ్చు, ముగ్గురు నలుగురిలో ఒకరికి అవుతుంది, మందులతో సర్దుకుంటుంది. వారం అటూ ఇటూగా ఇంటికొస్తారు. రొమ్ముటెముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా బరువులెత్తకూడదు, దగ్గొస్తే దిండు ఛాతీకి హత్తుకుని దగ్గాలి. ఎడమవైపు ఛాతీ మీద మొద్దుబారినట్టు ఉంటుంది. సిర తీసిన కాలు కొన్నాళ్లు వాస్తుంది. చాలామందికి రెండో మూడో వారంలో కారణం లేకుండా ఏడుపొస్తుంది. ఈ సంగతి ముందు చెప్పి ఉంచితే, ఆ రోజు వచ్చినప్పుడు ఆయన తనకేదో అయిపోయిందని బెంబేలెత్తరు. ఇదివరకే చేయించుకున్న ఒకాయన్ని తీసుకొచ్చి ఆయనతో ఒక గంట కూర్చోబెట్టండి. మా అందరి మాటల కంటే అది పనిచేస్తుంది.

ఆపరేషన్‌కి ముందు మూడు నెలల షుగరు సగటు చూపించుకోండి. ఎక్కువుంటే రొమ్ముటెముక దగ్గర చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. పొగతాగే అలవాటుంటే ఇవాళే మాన్పించండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రల్లో కొన్నిటిని ఆపరేషన్‌కి కొద్దిరోజుల ముందు ఆపుతారు, ఏది ఎప్పుడన్నది సర్జనే చెప్పాలి, మీ అంతట మీరు ఆపకండి.

అన్నీ విన్నాక కూడా ఆయన వద్దంటే? అప్పుడు స్టెంట్లు వేయించండి, ఎవరూ ఆయన్ని నిందించకండి. ఈనాటి స్టెంట్లు నేను ఆ పెద్దాయనకి వేసినవాటికంటే ఎంతో మెరుగైనవి. నాళం లోపలి నుంచి చిత్రం తీసి చూసుకుంటూ వేయమని అడగండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు రకాల మాత్రలు కనీసం ఆరు నెలలు తప్పకుండా వాడాలి. తర్వాత ఒకటి జీవితాంతం. అయితే అది రెండో ఉత్తమ మార్గమని తెలిసే ఎంచుకోవాలి. "రేపే ఇంటికెళ్లిపోవచ్చు" అన్న ఒక్క మాట మీద కాదు.

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. ఆఫీసు వాళ్ల హెల్త్ చెకప్‌లో ట్రెడ్‌మిల్ తేడాగా ఉందని యాంజియోగ్రామ్ దాకా వెళ్లాను. కుడి నాళం మధ్యలో ఒక్కటే 70 శాతం బ్లాకు. పంపింగ్ బాగుంది. వేగంగా నడిస్తే ఎప్పుడో ఒకసారి పట్టినట్టుండేది, మాత్రలు మొదలుపెట్టాక అదీ లేదు. "టైం బాంబు పెట్టుకుని తిరుగుతున్నారు, స్టెంట్ వేయించండి" అంటున్నారు. నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఆ మాట అన్నవారు మంచి ఉద్దేశంతోనే అని ఉండవచ్చు, కానీ అది మీ నిద్ర తప్ప ఇంకేమీ పోగొట్టదు. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అనే డాక్టర్ మొదటిసారి గుండె నాళంలో బ్లాకు తెరవడానికి బెలూన్ ఉబ్బించినప్పుడు, ఆ రోగికి ఉన్నదీ ఒకే ఒక్క చిన్న బ్లాకు. స్టెంట్లకి దారి తీసిన ఆ పద్ధతి ఛాతీ నొప్పి తగ్గించడానికి పుట్టింది, ఇప్పటికీ నిలకడైన జబ్బులో దాని గొప్ప మేలు అదే. మీకు నొప్పి లేదు. ఇక తగ్గించాల్సింది ఏముంది?

ఆయుష్షు పెరుగుతుందా అంటారా, 37 దేశాల్లో 5179 మంది మీద చేసిన ఇస్కీమియా అధ్యయనం 2020లో వెలువడింది. వాళ్లంతా పరీక్షల్లో గుండెకి రక్తం సరిగా అందడం లేదని తేలినవాళ్లు. ముందే స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్లకీ, మందులతో మొదలుపెట్టి అవసరమైతేనే చేయించుకున్నవాళ్లకీ మూడేళ్లకి పైగా చూస్తే చావుల్లో గానీ గుండెపోట్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తరచూ నొప్పి వచ్చేవాళ్లకి మాత్రం చికిత్స తర్వాత హాయి ఎక్కువ. ఎడమ ప్రధాన నాళంలో జబ్బున్నవాళ్లనీ, పంపింగ్ 35 కంటే తక్కువున్నవాళ్లనీ అందులో చేర్చలేదు. ఆ రెండూ మీకు లేవు.

కంటికి కనిపించే 70 శాతం నిజంగా రక్తాన్ని అడ్డుతోందా లేదా అన్నది సన్నటి తీగతో ఒత్తిడి కొలిచి తేల్చవచ్చు. 0.80 దాటి ఉంటే ఆ బ్లాకుని వదిలేయడమే మంచిదని అర్థం. ఎప్పుడైనా స్టెంట్ మాట మళ్లీ వస్తే ముందు అది కొలవమనండి. మీకు అసలు కావలసింది చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 55కి లోపు దించడం, బీపీ, రోజూ నడక, మాత్రలు మానకపోవడం. నడుస్తున్నప్పుడు ఆ పట్టు మళ్లీ వచ్చి, మందులు పెంచినా పనికి అడ్డమైతే అప్పుడు స్టెంట్ వేయించుకోండి, సంకోచం వద్దు.

ప్రశ్న: అమ్మకి 81 ఏళ్లు. మూడు నాళాల్లో జబ్బు, పంపింగ్ 30 శాతం, కిడ్నీలు కూడా బలహీనం. ఆయాసం ఉంది, ఛాతీ నొప్పి లేదు. "ఆపరేషన్ తట్టుకోలేరు, స్టెంట్లయినా వేద్దాం" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తొందరపడకండి. పంపింగ్ బాగా తగ్గినవాళ్లకి బైపాస్ ఆయుష్షు పెంచుతుందని 1212 మంది మీద జరిగిన స్టిచ్ అధ్యయనం పదేళ్ల లెక్కలో తేలింది. అయితే అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు అరవై ఏళ్లు. పైగా మొదటి నెలల్లో ఆపరేషన్ వైపే నష్టం ఎక్కువ, లాభం కనపడటానికి రెండేళ్లు పట్టింది. 81 ఏళ్ల అమ్మ ఆ రెండేళ్లు కోలుకోవడంలోనే గడపాలా అన్నది మీరూ ఆమే కలిసి ఆలోచించాలి. ఇక "స్టెంట్లయినా" అన్న మాట. అలాంటి బలహీనమైన గుండె ఉన్న 700 మందిలో మందులకి తోడు స్టెంట్లు వేసి చూశారు. చావులూ తగ్గలేదు, ఆయాసంతో ఆసుపత్రిలో చేరడాలూ తగ్గలేదు. 2022లో వచ్చిన ఫలితం ఇది. నొప్పి ఉంటే వేరు సంగతి, ఆమెకి అది లేదు. పైగా ఫిల్ముకి వాడే రంగు మందు ఆ కిడ్నీల మీద భారం.

గుండె బలహీనతకి ఇప్పుడు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తున్నారు. అవన్నీ ఆమెకి సరైన మోతాదులో అందుతున్నాయా, కిడ్నీలు ఒప్పుకుంటున్నాయా అన్నది ముందు చూపించండి. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినక ముందు ఆమె బరువు చూసి ఒక పుస్తకంలో రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి, ఆయాసం వచ్చేదాకా చూడకండి.